ఇంటి నుంచి వాడే ఆఫీసు ఫోను: కాల్ ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టే పద్ధతి

(దృశ్యం: బల్ల మీద ఒక ఐపీ ఫోను ఉంటుంది. కెమెరా దాని వెనుక భాగానికి దగ్గరగా వెళ్తుంది.)

నమస్కారం. ఆఫీసు ఎక్స్‌టెన్షన్‌ను ఇంటి నుంచి వాడేవారికి కంటికి కనిపించేది మామూలు ఫోనే అయినా, దాని వెనుక ఉండేది టెలిఫోను తీగ కాదు, నెట్‌వర్క్ కేబులు. అది ఇంటి రౌటర్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి ఇంటర్నెట్ మీదుగా ఆఫీసులోని ఐపీ పీబీఎక్స్‌ను, అంటే ఆఫీసు ఎక్స్‌ఛేంజిని చేరుతుంది. ఈ ఫోను మొరాయించగానే చాలామంది ప్లగ్ పీకి మళ్లీ పెడతారు. ఒక్కోసారి దానితో పని జరుగుతుంది, కానీ చెడింది ఏమిటో తెలియదు కాబట్టి ఆ ఇబ్బంది మళ్లీ తిరిగి వస్తుంది. అంతకంటే మంచి దారి ఉంది. ప్రతి కాల్‌లోనూ వేర్వేరు దారుల్లో నడిచే రెండు ప్రవాహాలు ఉంటాయి. వాటిలో ఏది ఆగిందో ఫోను చూపించే లక్షణాన్ని బట్టి చెప్పవచ్చు.

మొదటిది సంకేతాల ప్రవాహం. నంబరు పంపడం, అవతలి ఫోను మోగించడం, ఎత్తారని తెలియజేయడం, కాల్ ముగించడం దీని పనులు. దీన్ని నడిపే ప్రోటోకాల్ (పరికరాలు మాట్లాడుకునే నియమావళి) పేరు సిప్. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని ప్రమాణం 2002లో వెలువడింది. ఇది సాధారణంగా 5060 పోర్టు (ఒక్కో ప్రవాహానికి పరికరంలో ఉండే సంఖ్య గల ద్వారం) మీద, ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేకుండా సందేశాన్ని మార్చడం) ఉంటే 5061 మీద నడుస్తుంది. రెండోది గొంతు ప్రవాహం. ఇది ఆర్‌టీపీ అనే మరో ప్రోటోకాల్ ప్యాకెట్ల రూపంలో, అంటే చిన్న చిన్న డేటా ముక్కలుగా, కాల్ కాల్‌కూ మారే వేరే పోర్టుల మీద ప్రయాణిస్తుంది. ఫోను చక్కగా మోగి, ఎత్తాక నిశ్శబ్దం తప్ప ఏమీ వినిపించకపోవడానికి కారణం ఈ విభజనే.

(దృశ్యం: ఫోను వెనుక ఉన్న సాకెట్ల మీద ఒక్కొక్కటిగా బాణం గుర్తు కదులుతుంది.)

ముందుగా కేబుళ్ల సంగతి చూద్దాం. ఫోను వెనుక నెట్‌వర్క్ సాకెట్లు రెండు ఉంటే, ఒకటి రౌటర్ వైపు వెళ్లేది, రెండోది కంప్యూటర్‌కు ఇచ్చేది. ఇవి తారుమారు కాకుండా చూసుకోవాలి. చాలా ఆఫీసుల్లో ఫోనుకు విద్యుత్తు కూడా నెట్‌వర్క్ కేబులు ద్వారానే అందుతుంది. ఇంటి రౌటర్లలో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు కాబట్టి, ఆఫీసు నుంచి తెచ్చిన ఫోను ఇంట్లో వెలగకపోతే అది పాడైందనుకోకుండా ఆ మోడలుకు తగిన అడాప్టర్ పెట్టి చూడాలి. రిసీవర్ సాకెట్టూ, హెడ్‌సెట్ సాకెట్టూ చాలా ఫోన్లలో ఒకే ఆకారంలో పక్కపక్కనే ఉంటాయి. రిసీవర్ తీగ పక్క సాకెట్టులోకి వెళ్లిందంటే గొంతు రాదు, పోదు. స్పీకర్ మీట నొక్కినప్పుడు మాటలు బాగా వినిపిస్తూ రిసీవర్‌లో మాత్రం వినిపించకపోతే, నెట్‌వర్క్ జోలికి వెళ్లవలసిన పనే లేదు.

ఇక రిజిస్ట్రేషన్. ఫోను వెలిగాక తాను ఎక్కడ ఉన్నదీ ఎక్స్‌ఛేంజికి చెప్పి నమోదు చేసుకుంటుంది. తెర మీద ఎక్స్‌టెన్షన్ పక్కన రిజిస్టర్ కాలేదని కనిపిస్తే, మెనూలోకి వెళ్లి ఫోనుకు అందిన ఐపీ చిరునామా చూడండి. అది 169.254తో మొదలవుతుంటే రౌటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. కేబులునూ రౌటర్‌నూ పరిశీలించాలి. చిరునామా సరిగానే ఉంటే ఫోను లాగ్‌లో (జరిగినవి నమోదయ్యే చిట్టాలో) కనిపించే సంఖ్యలు దారి చూపుతాయి. 408 అంటే ఎక్స్‌ఛేంజి నుంచి జవాబే రాలేదు. 403 అంటే జవాబు వచ్చింది, కానీ అనుమతి దొరకలేదు. పాస్‌వర్డు, ఎక్స్‌టెన్షన్ వివరాలు సరిచూడాలి. 401 ఒకసారి కనిపించి వెంటనే రిజిస్టర్ అయితే కంగారు పడనక్కరలేదు, ఎందుకంటే పాస్‌వర్డు అడగడానికి ఎక్స్‌ఛేంజి మొదట పంపే జవాబే అది. తప్పు పాస్‌వర్డుతో పదేపదే ప్రయత్నించడం మాత్రం మంచిది కాదు. చాలా ఎక్స్‌ఛేంజిలు దాన్ని దాడిగా భావించి మీ ఇంటి ఇంటర్నెట్ చిరునామానే అడ్డుకుంటాయి, అప్పుడు సరైన పాస్‌వర్డు ఇచ్చినా లోపలికి రానివ్వవు.

రిజిస్టర్ అయినట్టు చూపిస్తూనే బయటి నుంచి కాల్స్ రాకపోవడం మరో రకం ఇబ్బంది. మీరు కాల్ చేస్తే వెళ్తుంది, ఆ తర్వాత కాసేపు మీకూ కాల్స్ వస్తాయి, మళ్లీ ఆగిపోతాయి. ఫోను బయటికి మాట్లాడినప్పుడు రౌటర్ ఒక దారి తెరిచి ఉంచుతుంది, కొంతసేపు ఏ కదలికా లేకపోతే దాన్ని మూసేస్తుంది. చాలా రౌటర్లలో ఆ గడువు 30 సెకన్ల నుంచి కొద్ది నిమిషాల వరకే ఉంటుంది. ఫోను మళ్లీ రిజిస్టర్ చేసుకునే వ్యవధి 3600 సెకన్లుగా పెట్టి ఉంటే, మధ్యలో వచ్చే కాల్స్‌కు తలుపు మూసి ఉన్నట్టే. ఫోను సెట్టింగులలో కీప్ అలైవ్ అనే అంశాన్ని 20 లేదా 30 సెకన్లకు పెడితే ఆ దారి తెరుచుకునే ఉంటుంది.

(దృశ్యం: తెర మీద ఫోను, రౌటర్, ఎక్స్‌ఛేంజి బొమ్మలు కనిపిస్తాయి. గొంతు ప్యాకెట్లు ఒకవైపు మాత్రమే కదులుతుంటాయి.)

ఇప్పుడు అన్నింటికంటే ఎక్కువగా వేధించే సమస్య దగ్గరికి వద్దాం: మీ మాట అవతలివారికి వినిపిస్తుంది, వారి మాట మీకు వినిపించదు. కాల్ మొదలయ్యేటప్పుడు ఫోను ఒక సందేశంలో తన చిరునామా రాసి, గొంతు ఇక్కడికి పంపమని చెబుతుంది. ఇంట్లో దానికి ఉన్నది 192.168.1.20 వంటి లోపలి చిరునామా. ఎక్స్‌ఛేంజి ఆ సందేశాన్ని యథాతథంగా నమ్మితే, ఇంటర్నెట్‌లో ఎక్కడికీ చేరని చిరునామాకు గొంతు పంపుతూ కూర్చుంటుంది. మీ గొంతు మాత్రం ఎక్స్‌ఛేంజి అసలు చిరునామాకు వెళ్తుంది కాబట్టి చక్కగా చేరుతుంది. ప్యాకెట్లు ఏ చిరునామా నుంచి వస్తున్నాయో ఆ చిరునామాకే తిరిగి పంపేలా ఎక్స్‌ఛేంజిలో ఆ ఎక్స్‌టెన్షన్‌కు నాట్ (లోపలి చిరునామాను రౌటర్ బయటి చిరునామాగా మార్చే పద్ధతి) సెట్టింగు పెట్టడం దీనికి సరైన మందు. అది ఐటీ విభాగం చేయవలసిన పని.

మీ చేతిలో ఉన్నదీ ఒకటుంది. చాలా ఇంటి రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం ముందుగానే ఆన్ చేసి ఉంటుంది. సందేశాల్లోని చిరునామాలను సరిదిద్దడానికే దాన్ని పెట్టారు, కానీ అది సగం మార్చి సగం వదిలేసి ఉన్నదాన్ని చెడగొట్టడమే ఎక్కువ. ఎక్స్‌ఛేంజి వైపు సెట్టింగు సరిగా ఉన్నప్పుడు దాన్ని ఆపేయమనే నా సలహా. ఎన్‌క్రిప్షన్ ఉన్న సిప్ వాడితే రౌటర్ ఆ సందేశాలను చదవనే లేదు కాబట్టి ఈ బెడద ఉండదు.

లక్షణం తిరగబడి, మీకు వినిపిస్తూ మీ మాటే అవతలికి చేరకపోతే, ముందు మ్యూట్ మీట, హెడ్‌సెట్ మైకు చూడండి. అవి బాగుంటే గొంతు పోర్టులను ఆఫీసు ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లోకి వచ్చిపోయేవాటిని వడకట్టే కాపలా) అడ్డుకుంటూ ఉండాలి, లేదా ఎక్స్‌ఛేంజే తన లోపలి చిరునామాను మీ ఫోనుకు చెబుతూ ఉండాలి. వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్ దాకా వేసిన ప్రత్యేక దారి) ద్వారా వెళ్లే ఫోన్లకు ఈ చిరునామాల చిక్కు చాలావరకు తప్పుతుంది. అయితే ఇంటి నెట్‌వర్కూ, ఆఫీసు నెట్‌వర్కూ రెండూ 192.168.1 వరుసలోనే ఉంటే ప్యాకెట్ ఏ వైపు వెళ్లాలో తేలదు. అప్పుడు ఇంటి రౌటర్‌లో ఆ వరుసను మార్చుకోవడం తేలిక.

కాల్ మధ్యలో తెగిపోతుంటే గడియారం చూడండి. ప్రతిసారీ సుమారు 32 సెకన్లకు తెగుతుంటే అది ఇంటర్నెట్ వేగానికి సంబంధించినది కాదు. ఫోను ఎత్తారన్న సందేశానికి అందినట్టు తిరుగు జవాబు రాకపోతే, ఎత్తినవైపు పరికరం అంతసేపు ఎదురుచూసి కాల్ ముగించాలని సిప్ నియమం. ప్రతిసారీ 15 నిమిషాలకో 30 నిమిషాలకో తెగితే, కాల్ ఇంకా నడుస్తోందా అని మధ్యలో సరిచూసుకునే సందేశం అవతలికి చేరడం లేదని అనుమానించాలి. ఒకసారి 5 నిమిషాలకు, మరోసారి 2 నిమిషాలకు తెగుతుంటే అప్పుడు ఇంటర్నెట్ కనెక్షన్‌నూ వైఫైనీ పరిశీలించాలి.

గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించేవారు స్పీడ్ టెస్టు చేసి అంతా బాగుందనుకుంటారు. నిజానికి జి.711 కోడెక్‌తో (గొంతును డేటాగా మార్చే పద్ధతితో) ఒక కాల్‌కు ఒక్కో వైపు కావలసింది సెకనుకు దాదాపు 87 కిలోబిట్లే. వేగం కాదు, ప్యాకెట్లు వేళకు చేరడం ముఖ్యం. ఫోను సాధారణంగా సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతుంది. ఇంట్లో ఎవరో పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తుంటే అవన్నీ రౌటర్‌లో ఆ ఫైలు వెనుక బారులు తీరతాయి. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఐటీయూ సిఫారసు. రౌటర్‌లో క్యూఓఎస్ (దేన్ని ముందు పంపాలో నిర్ణయించే సెట్టింగు) ఉంటే ఫోనుకు ప్రాధాన్యం ఇవ్వండి, వైఫై మీద నడిచే ఫోనును వీలైతే కేబులుకు మార్చండి. ప్రతిధ్వని మీకు వినిపిస్తుంటే, చాలాసార్లు అవతలివారి స్పీకర్ శబ్దం వారి మైకులోకి వెళ్తోందని అర్థం. సరిచేయవలసింది వారి పరికరాన్ని.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఈ ఫోను నుంచి అత్యవసర నంబరుకు కాల్ చేస్తే, అక్కడివారికి మీ ఇంటి చిరునామాకు బదులు ఆఫీసు చిరునామా కనిపించే అవకాశం ఉంది. ఐటీ విభాగంతో మాట్లాడి దాన్ని సరిచేయించుకోండి. అంతవరకు అలాంటి కాల్స్‌కు మొబైల్ వాడండి.

(దృశ్యం: తెర మీద ఒక కాగితం కనిపిస్తుంది. కాల్ చేసిన వేళ, నంబరు, లక్షణం దాని మీద రాస్తుంటారు.)

ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆఫీసువారు పెట్టిన సెట్టింగులన్నీ పోతాయి కాబట్టి, వారు చెప్పనిదే దాని జోలికి వెళ్లవద్దు. వారికి ఫోన్ చేసినప్పుడు పనిచేయడం లేదని మాత్రమే చెప్పకండి. కాల్ చేసిన వేళ నిమిషంతో సహా చెప్పండి. ఎవరు ఎవరికి చేశారు, మోగిందా లేదా, ఏ వైపు గొంతు ఆగింది, ఎన్ని సెకన్లకు తెగింది, అప్పుడు ఫోను తెర మీద ఏమి కనిపించింది అన్నవి కూడా రాసి పంపండి. ఆ వేళను పట్టుకుని వారు ఎక్స్‌ఛేంజి లాగ్‌లో ఆ ఒక్క కాల్‌ను వెతికి తీయగలరు.