మిల్టన్ స్టేషన్‌లో పుట్టిన అట్ట టికెట్

సభకు నమస్కారం.

రైళ్ల చరిత్ర అనగానే పెద్ద జంక్షన్లు, వంతెనలు, సొరంగాలే గుర్తొస్తాయి. నేను మాత్రం ఒక పల్లె స్టేషన్ గురించి చెప్పడానికి వచ్చాను. దాని పేరు మిల్టన్. ఉత్తర ఇంగ్లండ్‌లో న్యూకాజిల్–కార్లైల్ లైను మీద 1836లో మొదలైంది. బ్రాంప్టన్ అనే ఊరికి అదే స్టేషన్, కానీ ఊరు మైలుకు పైగా దూరం. బొగ్గు కోసం వేసిన పట్టాల మీద గుర్రం లాగే పెట్టెలో జనం స్టేషన్‌కి వచ్చేవారు.

అక్కడి స్టేషన్ మాస్టరు థామస్ ఎడ్మండ్‌సన్. అసలు వృత్తి ఫర్నిచర్ చేసే వడ్రంగం. వ్యాపారం పెట్టి దివాలా తీశాడు. నలభై దాటాక ఈ ఉద్యోగంలో చేరాడు.

అప్పట్లో టికెట్ అంటే గుర్రపు బండ్ల నాటి పద్ధతే. ప్రతి ప్రయాణికుడికీ చేత్తో చీటీ రాసి, పుస్తకంలోంచి చించి ఇవ్వాలి. రాసేసరికి ఆలస్యం. పైగా ఎంత వసూలైందో సరిచూసే దారి లేదు. గుమాస్తా నిజాయితీపరుడైనా ఆ సంగతి రుజువు చేసుకోలేడు. దివాలా తీసిన మనిషికి ఆ బాధ మిగతావాళ్ల కంటే బాగా తెలిసి ఉంటుందని నా నమ్మకం.

ఆయన చిన్న అట్టముక్కల మీద ఊరి పేరు ముందే అచ్చువేసి, ఒక్కోదానికీ వరుస నంబరు ఇచ్చాడు. వాటిని ఒక గొట్టంలో పేర్చి ఒక్కొక్కటే తీసి అమ్మాలి. పొద్దున మొదటి టికెట్ నంబరు, సాయంత్రం మిగిలిన టికెట్ నంబరు చూస్తే చాలు, ఎన్ని అమ్మారో తేలిపోతుంది. తేదీ ముద్ర వేసే యంత్రం కూడా తయారు చేయించాడు. ఆ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ నంబరే. దానివల్ల లెక్క దానంతటదే నిలబడింది.

1839లో ఆయన మాంచెస్టర్–లీడ్స్ రైల్వేకి వెళ్లాడు. ఆ పద్ధతి వాడుకున్న రైల్వే కంపెనీలు లైను పొడవును బట్టి మైలుకు ఏడాదికి 10 షిల్లింగులు కట్టేవి. ఆ డబ్బుతో పాత అప్పులవాళ్లందరికీ బాకీ తీర్చాడు. బ్రిటన్‌లో ఆ అట్ట టికెట్లు 1990 దాకా నడిచాయి. మన రైల్వే కౌంటర్లలో అంతకన్నా ఎక్కువ కాలమే ఉన్నాయి. నంబరున్న ఆ గట్టి అట్టముక్కను మీలో చాలామంది చేత్తో పట్టుకునే ఉంటారు.

మిల్టన్ పేరు ఇప్పుడు బ్రాంప్టన్. సిబ్బంది లేరు, రైళ్లు మాత్రం ఇంకా ఆగుతున్నాయి. మీలో ఎవరైనా ఆ దారిన వెళితే, ప్లాట్‌ఫామ్ మీద ఒక్క నిమిషం దిగి ఆయన్ని తలుచుకోండి.