ఎర్రకాంతి: ఎంత, ఎంతసేపు?

అందరికీ నమస్కారం.

ఎర్రకాంతి చికిత్స, అంటే చర్మం మీద ఎర్రని ఎల్‌ఈడీ లేదా లేజర్ కాంతి వేసే పద్ధతి, అనగానే చాలామంది "ఏ మాస్క్ కొనమంటారు?" అని అడుగుతారు. అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది చర్మం మీద ఎంత కాంతి పడుతుంది, ఎంతసేపు పడుతుంది అన్నది.

1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే వైద్యుడు, వెంట్రుకలు గొరిగిన ఎలుకల వీపు మీద తక్కువ శక్తి గల రూబీ లేజర్ వేశాడు. కణితులు వస్తాయేమో చూడాలని చేసిన పని అది. కణితులు రాలేదు సరికదా, ఆ ఎలుకలకు వెంట్రుకలు తొందరగా మొలిచాయి. ఈ వైద్యానికి మొదలు అక్కడే.

కణంలోని మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఈ కాంతిని పీల్చుకుని శక్తి ఉత్పత్తిని పెంచుతుందని ఎక్కువగా చెప్పే వివరణ. చర్మానికి 630-660 నానోమీటర్ల ఎరుపు వాడతారు. ఇంకాస్త లోతుకు వెళ్లాలంటే 810-850 మధ్య ఉండే, కంటికి సరిగా కనిపించని పరారుణ కాంతి. ఫిజియోథెరపీ సెంటర్లలో కాపడం పెట్టే ఎర్ర బల్బు మాత్రం వేరు. దాని పని వేడి ఇవ్వడం.

ఇక లెక్క. పరికరం డబ్బా మీద రాసిన వాట్లు కరెంటు ఖర్చును చెబుతాయి, అవి మనకు పనికిరావు. చర్మం దగ్గర చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీవాట్లో చూడండి. ఆ అంకెను సెకన్లతో గుణించి 1000తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు ఎన్ని జూల్స్ శక్తి పడిందో, అంటే మోతాదు, వస్తుంది. 30 మిల్లీవాట్లు, 5 నిమిషాలు అంటే 9 జూల్స్. ముఖానికి మొదలుపెట్టడానికి అది చాలు. వారానికి 3 సార్లు, కనీసం 8 నుంచి 12 వారాలు. కాంతి ఇచ్చే ప్యానెల్‌ను దూరం జరిపితే మోతాదు పడిపోతుంది కాబట్టి దూరం ఎప్పుడూ ఒకటే ఉంచండి. త్వరగా ఫలితం రావాలని గంటసేపు కూర్చోకండి: మోతాదు ఒక హద్దు దాటితే ఫలితం పెరగదు, తగ్గుతుంది కూడా.

మన చర్మం రంగు ఇక్కడ లెక్కలోకి వస్తుంది. అమెరికాలో జరిగిన పరీక్షల్లో తెల్లచర్మం వాళ్లు ఒక్కసారికి చదరపు సెంటీమీటరుకు 480 జూల్స్ దాకా తట్టుకుంటే, ముదురు రంగు చర్మానికి హద్దు 320 దగ్గరే తేలింది. ఇంట్లో వాడే మోతాదు దీనికంటే చాలా తక్కువే, నిజం. కానీ మంగు ఉన్నవాళ్లకు వేడి పడదు. ముఖం వెచ్చబడుతుంటే ఆపేయండి, మచ్చ ముదిరితే మళ్లీ మొదలుపెట్టకండి.

సన్నని ముడతలు, చర్మం నునుపు, మొటిమల ఎరుపు, వాపు విషయంలో ఒక మోస్తరు మేలు ఆశించవచ్చు. వంశపారంపర్యంగా జుట్టు పలచబడే మగవాళ్లకు లేజర్ దువ్వెనను 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. వాడకం ఆపితే లాభం నిలవదు. అన్నిటికంటే గట్టి ఆధారం క్యాన్సర్ చికిత్సలో వచ్చే నోటిపూతను నివారించడంలో ఉంది. అది ఆసుపత్రిలో, నిపుణుల చేతిలో జరగాల్సిందే. బరువు తగ్గిస్తుందన్న మాట నమ్మి మాత్రం డబ్బు పెట్టకండి.

సన్‌స్క్రీన్, మేకప్ కడిగేసి, పొడి ముఖం మీదే వాడండి. పరారుణం కనిపించదు కాబట్టి కన్ను దానంతట అది మూసుకోదు, కాంతిని ఆపే రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. లూపస్, పోర్ఫైరియా, రెటీనా జబ్బు ఉన్నా, కాంతికి చర్మం మండే మందులు వాడుతున్నా, పెరుగుతున్న పుట్టుమచ్చ ఉన్నా ముందు డాక్టరును కలవండి.

మొదలుపెట్టే రోజున ఒక ఫోటో తీసుకోండి. అదే కిటికీ దగ్గర, అదే వేళకు, 4 వారాలకోసారి మళ్లీ తీయండి. 12 వారాల తర్వాత కూడా తేడా కనిపించకపోతే ఆ పరికరం మీకు పని చేయడం లేదన్నమాట.