కరణం పోయాడు, దస్త్రం ఎటు పోయింది?

(తెర మీద: చేతిరాతతో నిండిన పాత పహాణీ, అంటే ఊరి పొలాల లెక్కల పుస్తకం)

పొలం మీది. దున్నేది మీరు. అది మీదేనని చెప్పే కాగితం మాత్రం కరణం గారింట్లో, ఆయన పెట్టెలో. 1984 దాకా మన ఊళ్లు ఇలాగే నడిచాయి. భూమి లెక్కలు రాసేవాడొకడు, శిస్తు వసూలు చేసేవాడొకడు: ఆంధ్రలో కరణం, మునసబు. తెలంగాణలో పట్వారీ, పటేల్. పేరుకి పార్ట్‌టైమ్ ఉద్యోగాలే. కానీ కరణాన్ని నమ్మితే ఏమవుతుందో శతక పద్యంలోనే హెచ్చరించారంటే, ఆ కలం పవర్ ఏంటో ఊహించుకోండి.

రాజకీయాల్లోకి వెళ్లి, కుర్చీలో కూర్చుని, లోపలి నుంచి ప్రభుత్వాన్ని బాగుచెయ్యగలమా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఈ దస్త్రమే గుర్తొస్తుంది.

దీన్ని ముందు కదిపింది కోర్టు. 1960లో గాజుల దశరథ రామారావు కేసులో, మునసబు పదవి వారసత్వంగా ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు బాగానే ఉంది. పదవులు మాత్రం ఇంకో ఇరవై నాలుగేళ్లు అలాగే ఉన్నాయి.

(తెర మీద: 1984 జనవరి)

పార్టీ పెట్టిన ఏడాదిలోపే ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్, ఒక్క ఆర్డినెన్స్‌తో ఆ పదవులన్నీ రద్దు చేశారు. పదవులు పోయినవాళ్లు కోర్టుకెళ్లారు. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లుతుందని చెప్పేసింది.

అక్కడితో ఆగి ఉంటే నేను ఈ వీడియో చేసేవాణ్ణి కాదు. అసలు మార్పు ఆ తర్వాతిది. మూడొందలకి పైగా ఉన్న తాలూకాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. ఆఫీసు ఊరికి దగ్గరైంది. స్థానిక ఎన్నికల్లో బీసీలకు 20 శాతం రిజర్వేషన్ పెట్టారు. అంతకుముందు ఆ గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డ ఇళ్ల నుంచి మండల అధ్యక్షులొచ్చారు. నన్నడిగితే పదవి తీసెయ్యడం చిన్న పని, కొత్త మనిషిని లోపలికి తేవడమే పెద్ద పని.

మరి దస్త్రం? అడంగల్, అంటే ఆ పహాణీయే, ఎవరో ఒకరు రాయాలిగా! పేర్లు మారుతూ మారుతూ చివరికి వీఆర్వో, అంటే గ్రామ రెవెన్యూ అధికారి, వచ్చాడు. ఫిర్యాదులూ వచ్చాయి, ఆ పాతవే.

(తెర మీద: 2020, తెలంగాణ)

సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం వీఆర్వో వ్యవస్థని రద్దు చేసింది. అక్టోబరు ఆఖర్లో భూమి రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టే ధరణి పోర్టల్ వచ్చింది. 1984 లాంటి దెబ్బే, కానీ ఒక తేడా ఉంది. ఈసారి ఊళ్లో అధికారం ఎవరికీ దక్కలేదు, పైకి వెళ్లింది. పాసుబుక్కులో పేరు తప్పు పడితే దిద్దించుకోడానికి రైతు కలెక్టరేట్ దాకా తిరగాల్సొచ్చింది. రెవెన్యూ కోర్టులు కూడా ఎత్తేశారు కాబట్టి, ఆర్డీవో దగ్గర అప్పీలు చేసుకునే దారీ లేదు. లంచం అడిగే మనిషి ఊళ్లో లేడు, నిజమే. సరిహద్దు ఎక్కడుందో తెలిసిన మనిషి కూడా లేడు.

ప్రభుత్వం మారింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. అప్పీళ్లు మళ్లీ పెట్టారు. ఊళ్లకి గ్రామ పాలనాధికారులు వచ్చారు. వాళ్ల కోసం పరీక్ష పెట్టింది ఎవరికో తెలుసా? పాత వీఆర్వోలకి, వాళ్ల కింద పనిచేసిన సహాయకులు వీఆర్ఏలకి!