సర్జరీలు ఆగినయ్, జీతాలు ఆగవు గదా: మెడికల్ డివైస్ కంపెనీలు, కేర్స్ యాక్ట్ మీద శనివారం ఫోన్-ఇన్

యాంకర్: నమస్తే అండి, ఇవాళ 2020 జూన్ 13. కరోనా దెబ్బకి అమెరికా ప్రభుత్వం తెచ్చిన సహాయ చట్టం కేర్స్ యాక్ట్ మార్చి 27న సంతకమైంది, 2.2 ట్రిలియన్ డాలర్లన్నారు, అందులో మాకేంటి అని మెడికల్ డివైస్ కంపెనీలు పెట్టుకున్న మనవాళ్ళు వారం నుంచి ఒకటే ఫోన్లు. అందుకే టాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్, సిపిఎ గారిని లైన్లోకి తీసుకున్నాం. సార్, మొదటి కాల్ మినియాపోలిస్ నుంచి.

కాలర్: అన్నా నమస్తే. మాది చిన్న మెషిన్ షాప్, మోకాలి ఇంప్లాంట్లకు పార్టులు చేసిస్తం పెద్ద కంపెనీలకు. మార్చి నడుమ కరోనా వల్ల ఎలక్టివ్ సర్జరీలు, అంటే అర్జెంటు కాని ఆపరేషన్లు ఆపుమన్నరు, ఆర్డర్లు దబ్బున పడిపోయినయ్. పనోళ్ళ జీతాలకని సర్కారిచ్చే పీపీపీ లోన్ అయితే ఏప్రిల్ ఆఖర్ల వచ్చింది. ఇప్పుడు దాన్ని ఖర్చు పెట్టాల్సిన ఎనిమిది వారాలు అయిపోవస్తున్నయ్, పనేమో సగం లేదు, ఇద్దరు పనోళ్ళను రమ్మంటే రామంటున్నరు, అన్ఎంప్లాయ్‌మెంట్ల సర్కారు భృతి వారానికి 600 డాలర్లు ఎక్స్‌ట్రా వస్తుంటే ఎందుకొస్తరు... ఈ లోన్ మాఫీ అయితదా కాదా అన్నా?

సిపిఎ: అవుతుందండీ, కాకపోతే కొంచెం ఓపిగ్గా చేయాలి. జూన్ 5న చట్టం మార్చారు. ఎనిమిది వారాల బదులు 24 వారాలు తీసుకోవచ్చు, మీరు పాత లోన్ వాళ్ళు కాబట్టి ఏది కావాలంటే అది. ఇంతకుముందు 75 శాతం జీతాలకే పోవాలనేవారు, ఇప్పుడు 60 చాలు, మిగతాది అద్దె, కరెంటు, లోన్ వడ్డీ ఇలాంటివాటికి. ఇక రామన్నవాళ్ళ సంగతి, ఫోన్లో అడిగితే లెక్కలోకి రాదు, పాత జీతం పాత గంటలు రాసి కాగితం మీద ఆఫర్ ఇవ్వండి, ఈమెయిల్ అయినా పర్లేదు, వాళ్ళు రానన్నది కూడా రాతపూర్వకంగా పెట్టుకోండి, 30 రోజుల్లో స్టేట్ అన్ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసుకి చెప్పండి. అప్పుడు ఆ ఇద్దరు తగ్గారని మీ మాఫీ కొయ్యరు.

కాలర్: చెప్పుడంటే ఆళ్ళ పైసలు బంద్ అయితయ్ గదన్నా, పదేండ్ల సంది చేస్తున్నోళ్ళు...

సిపిఎ: ఆ ఇబ్బంది నాకూ తెలుసండి. అందుకే ముందు వాళ్ళకే చెప్పండి, ఇలా రిపోర్ట్ చేయాలి, నాకు వేరే దారి లేదు అని. సగం మంది ఆ మాటకే వచ్చేస్తారు. ఇంకోటి, మీది సీ కార్పొరేషనా, అంటే టాక్స్ కంపెనీయే విడిగా కట్టేదా?

కాలర్: అవునన్నా.

సిపిఎ: అయితే ఇది రాసుకోండి, దీన్ని చాలామంది వదిలేస్తున్నారు. 2018, 19, 20 ఈ మూడేళ్ళ నష్టాల్ని ఐదేళ్ళు వెనక్కి తీసుకెళ్ళొచ్చు. అంటే ఈ ఏడాది మునిగితే 2015లో కట్టిన టాక్స్ నుంచి తిరిగి అడగొచ్చు, అప్పట్లో రేటు 35 శాతం దాకా ఉండేది, ఇప్పుడు 21. కాకపోతే 2020 రిటర్న్ వేశాకే, అంటే వచ్చే ఏడాది. ఈలోపు చేతికి డబ్బు కావాలంటే జీతాల మీద యజమానిగా మీ వాటా సోషల్ సెక్యూరిటీ టాక్స్ 6.2 శాతం ఈ ఏడాది కట్టకుండా ఆపుకోండి. మాఫీ కాదు, వాయిదా, సగం 2021 డిసెంబర్ 31కి, మిగతా సగం 2022 డిసెంబర్ 31కి. పీపీపీ తీసుకున్నవాళ్ళకి మాఫీ వచ్చాక ఇది ఆపేవారు, ఇప్పుడు ఆ అడ్డు కూడా తీసేశారు.

యాంకర్: డల్లాస్ నుంచి ఇంకో కాల్, త్వరగా చెప్పండి.

కాలర్: మేడమ్ నాది కంపెనీ కాదు, హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం. మా ఆవిడ హెచ్-4 డిపెండెంట్, సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు, దాని బదులు ఇచ్చే ఐటిన్ టాక్స్ నంబర్ తో జాయింట్ గా ఫైల్ చేశాం, కేర్స్ యాక్ట్ లో మనిషికి ఇస్తామన్న ఆ 1,200 డాలర్లు ఇద్దరికీ రాలేదు.

సిపిఎ: రాదండి. ఒకరికి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే ఇద్దరికీ లేదు, మిలిటరీ వాళ్ళకి మాత్రం మినహాయింపు. నాకూ ఇది న్యాయంగా అనిపించలేదు, టాక్స్ మాత్రం ఇద్దరి దగ్గరా తీసుకుంటారుగా! సరే, నెక్స్ట్.

యాంకర్: ఫ్రీమాంట్, చెప్పండి.

కాలర్: హాయ్ సార్. మాది డయాగ్నస్టిక్ స్టార్టప్, ఇక్కడ ముప్పై మంది, హైదరాబాద్ లో సాఫ్ట్‌వేర్ టీమ్ ఇంకో అరవై. పెట్టుబడి పెట్టిన వీసీ ఫండ్ కి 30 శాతం వాటా ఉంది. బ్యాంకు వాళ్ళేమో అఫిలియేషన్ అని ఏదో అంటున్నారు, మా ఫ్రెండ్ వాళ్ళేమో 500 మంది లోపు ఉన్నారుగా పీపీపీ లోన్ కి వేసేయ్ అంటున్నారు, జూన్ 30 లాస్ట్ డేట్ అంట, నాకు ఏం చేయాలో అర్థం కావట్లేదు.

సిపిఎ: ఫ్రెండ్ మాట పక్కన పెట్టండి. 30 శాతమే కదా అనుకోకూడదు, బోర్డులో వాళ్ళకి వీటో ఉందా? బడ్జెట్, సీఈఓని తీయడం, రోజువారీ ఖర్చులు, వీటికి వాళ్ళ సంతకం కావాలా?

కాలర్: బడ్జెట్ కి కావాలి సార్.

సిపిఎ: అదిగో. అలాంటి వీటో ఉంటే ఈ లోన్లు చూసే ప్రభుత్వ సంస్థ ఎస్బీఏ దాన్ని కంట్రోల్ అంటుంది, అఫిలియేషన్ అంటే ఇదే, ఆ ఫండ్ చేతిలో ఉన్న వేరే కంపెనీల మనుషులంతా మీ మనుషులే అయిపోతారు లెక్కలో. హోటళ్ళకి, రెస్టారెంట్లకి ఈ రూల్ తీసేశారు, వైరస్ టెస్టులు చేసే కంపెనీలకి తీయలేదు! దారి ఒకటుంది, ఆ వీటోని ఫండ్ వాళ్ళు శాశ్వతంగా వదులుకుంటున్నట్టు రాసివ్వాలి, లోన్ వచ్చేదాకా వదిలి తర్వాత తీసుకుంటాం అంటే కుదరదు. అప్లికేషన్ వేసే ముందే సంతకాలు అవ్వాలి, లాయర్ తో చేయించండి.

కాలర్: హైదరాబాద్ టీమ్?

సిపిఎ: లోన్ ఎంత అనే లెక్కలో వాళ్ళ జీతం రూపాయి కూడా రాదు. 500 దాటారా అనే లెక్కలో మాత్రం ఒక్కొక్కరూ లెక్కే, మే 5న ఎస్బీఏ స్పష్టంగా చెప్పింది. ఇక్కడ ఉండే మీ హెచ్-1బీ వాళ్ళ జీతాలు వస్తాయి, మనిషికి ఏడాదికి లక్ష డాలర్ల వరకే, అంటే రెండున్నర నెలలకి 20,833. మీరే పరికరం తయారు చేస్తే మీ ఇండస్ట్రీ కోడ్ కూడా చూసుకోండి, సర్జికల్ పరికరాల వాళ్ళకి హద్దు 500 కాదు, వెయ్యి.

యాంకర్: సార్, హాస్పిటళ్ళకి వేరే ఫండ్ ఇచ్చారు, డివైస్ వాళ్ళకి లేదా?

సిపిఎ: హాస్పిటళ్ళకి ముందు 100 బిలియన్, ఏప్రిల్ లో ఇంకో 75. తయారీదారులకి అలాంటిది లేదు, పీపీపీయే దిక్కు. హాస్పిటల్ కి డబ్బొస్తే మన బిల్లు కడుతుందిలే అనుకుంటున్నారు చాలామంది, చట్టంలో అలా ఎక్కడా లేదు. చేయని ఆపరేషన్ కి ఇంప్లాంట్ ఎవరు కొంటారు? జీతాలు కాపాడారు, ఆర్డర్ల బొక్క అలాగే ఉంది.

యాంకర్: చివరి కాల్, ఎడిసన్.

కాలర్: నమస్కారం అండి. నేను క్వాలిటీలో చేస్తాను, మా కంపెనీ వెంటిలేటర్ ట్యూబింగ్ లాంటివి సప్లై చేస్తుంది. రా మెటీరియల్ రావట్లేదు, ఒక లైన్ ఆగేలా ఉంది. మందులు, పరికరాల మీద నిఘా పెట్టే ఎఫ్డీఏకి చెప్పాలా అంటే మా బాస్ అది మందుల కంపెనీలకే అంటున్నారు.

సిపిఎ: ఇది నా టాక్స్ సబ్జెక్ట్ కాదు గానీ ఇదే కేర్స్ యాక్ట్ లో ఉందమ్మా. మందులకి ఆ రూల్ ముందు నుంచీ ఉంది, డివైసులకి ఇప్పుడే పెట్టారు, సెక్షన్ 506జే అని. ఇలాంటి ఎమర్జెన్సీలో ప్రాణాలు నిలిపే పరికరం ఆగేలా ఉంటే ఆరు నెలల ముందు, కుదరకపోతే వీలైనంత త్వరగా కారణంతో సహా చెప్పాలి. ఏ పరికరాలో మే నెలలో లిస్టు ఇచ్చారు, మీ ప్రోడక్ట్ కోడ్ అందులో ఉందేమో చూడండి. చెప్పకపోతే ఎఫ్డీఏ లెటర్ రాస్తుంది, ఆ లెటర్ అందరికీ కనిపించేలా పెడుతుంది.

కాలర్: జరిమానా ఏమైనా...?

సిపిఎ: ఆ సెక్షన్ లో జరిమానా పెట్టలేదు. కానీ మీ హాస్పిటల్ కస్టమర్లు ఆ లెటర్ చదువుతారుగా. బాస్ కి నోటితో చెప్పకండి తల్లీ, సెక్షన్ నంబర్ వేసి ఈమెయిల్ పెట్టండి, కాపీ మీ రెగ్యులేటరీ వాళ్ళకి.

కాలర్: సోమవారం పొద్దున్నే పెడతానండి.

సిపిఎ: సోమవారం దాకా ఎందుకు, ఇవాళే పెట్టేయండి.