నక్కా, కుక్కా? మా బంతి చేసే రెండు ఉద్యోగాలు

నమస్కారమండీ. టైం పొద్దున్న అయిదుంపావు. ఇది మన విశాఖ ఆర్‌కే బీచ్, ఆ వెనక కనిపిస్తున్నది కురుసుర సబ్‌మెరైన్. ముందు నడుస్తున్నది మా బంతి. రఫ్ కోలీ అనే పొడుగు బొచ్చు జాతి, ఆరేళ్ల ఆడకుక్క. ముద్దబంతి రంగు ఒళ్లని ఆ పేరు పెట్టాం. మెడ చుట్టూ తెల్లటి జూలు, సన్నగా పొడుగ్గా మూతి. మొదటిసారి దీన్ని ఇక్కడికి తెచ్చినప్పుడు చేపల తట్ట దించుకుంటున్న ఒకావిడ ఆగి చూసి, "ఏటి బాబూ ఇది, నక్కా కుక్కా?" అంది. ఆ రోజు నుంచి ఈ రోడ్డు మీద దీని పేరు నక్కే.

బంతికి రెండు ఉద్యోగాలు. ఒకటి, ఒబీడియన్స్ పోటీలు, అంటే చెప్పిన మాట ఎంత బాగా వింటుందో చూసి మార్కులు వేసే పోటీలు. ఇంకోటి, నెలకి రెండు ఆదివారాలు పెందుర్తి వైపు ఒక వృద్ధాశ్రమానికి వెళ్లి అక్కడి పెద్దవాళ్ల పక్కన కూర్చోవడం. థెరపీ డాగ్ పని అంటారు దాన్ని. రెండూ ఒకే కుక్క చెయ్యగలదా అని చాలామంది అడిగారు. చెయ్యగలదు. కానీ రెండూ ఒకటే పని అనుకుని నేను ఏడాదిన్నర పాడుచేసుకున్నాను. ఆ సంగతి చెబుతాను.

ముందు ఒక తికమక తీర్చేద్దాం. చూపు లేనివాళ్లకి దారి చూపించే కుక్క సర్వీస్ డాగ్. అది ఒక్క మనిషికే పనిచేస్తుంది. థెరపీ డాగ్ తన యజమానితో కలిసి పరాయివాళ్ల దగ్గరికి వెళ్తుంది. మందూ ఇవ్వదు, మాకూ ఇవ్వదు, పక్కన ఉంటుంది. 1960ల్లో అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల సైకాలజిస్ట్, ఎవరితోనూ కలవని ఒక పిల్లాడు తన కుక్క జింగిల్స్ దగ్గర మనసు విప్పడం గమనించి దాని గురించి రాశాడు. 1999లో అమెరికాలోనే సాల్ట్ లేక్ సిటీలో ఇంకో ఆలోచన మొదలైంది. చదవడానికి తడబడే పిల్లలు కుక్క పక్కన కూర్చుని పైకి చదువుతారు. కుక్క తప్పులు దిద్దదు కదా! మన ట్యూషన్ మాస్టార్లకి ఇది చెప్పాలి.

మరి కోలీయే ఎందుకు? ఇది స్కాట్లాండ్ గొర్రెల కాపరుల కుక్క. 1860ల్లో విక్టోరియా రాణి అక్కడి తన బాల్మోరల్ కోటలో వీటిని చూసి ముచ్చటపడి పెంచుకున్నాక పెద్దిళ్లలోకి, ప్రదర్శనల్లోకి వచ్చింది. దీని చుట్టం బోర్డర్ కోలీ మాత్రం మందల దగ్గరే ఉండిపోయింది. 1873లో వేల్స్‌లోని బాలా అనే ఊళ్లో గొర్రెలు తోలే పోటీ పెడితే ట్వీడ్ అనే స్కాట్లాండ్ కుక్క గెలిచింది. బోర్డర్ కోలీ బుర్ర గురించి చెప్పనే అక్కర్లేదు. ఛేజర్ అనే ఒక బోర్డర్ కోలీకి జాన్ పిల్లీ అనే ప్రొఫెసర్ 1,022 బొమ్మల పేర్లు నేర్పాడు. నాకు మా వీధిలో సగం మంది పేర్లు గుర్తుండవు. అడ్డంకులు దూకుతూ, గొట్టాల్లోంచి దూరుతూ పరిగెత్తే ఏజిలిటీ అనే ఆట 1978లో బ్రిటన్‌లోని క్రఫ్ట్స్ డాగ్ షోలో మొదలైంది. అందులో ఇప్పుడు బోర్డర్ కోలీలదే రాజ్యం.

కానీ వృద్ధాశ్రమానికి ఏది తీసుకెళ్తావంటే నేను రఫ్ కోలీనే అంటాను. కారణం చూపు. బోర్డర్ కోలీ గొర్రెల్ని కళ్లతో శాసిస్తుంది. ఒంగి, నక్కి, రెప్ప వెయ్యకుండా చూస్తుంది. మంచం మీద ఉన్న మనిషిని అలా చూస్తే ఆయనకి టెన్షన్. రఫ్ కోలీ నిటారుగా నిలబడి, మెత్తగా చూసి, చూపు తిప్పేసుకుంటుంది. ఈ జాతి కుక్కలకి మార్కులు వేసేటప్పుడు జడ్జిలు తల తీరుకీ, ఆ ముఖంలో భావానికీ పెద్ద పీట వేస్తారు. ప్రతి కోలీ ఇలాగే ఉంటుందని మాత్రం నేను పూచీ పడను. మొరిగి మొరిగి అపార్ట్‌మెంట్ వాళ్లతో గొడవలు తెచ్చే కోలీలు ఉన్నాయి. పరిగెత్తే పిల్లల్ని మందలా చుట్టుముట్టి మడమలు పట్టేవీ ఉన్నాయి.

ఇప్పుడు నా ఏడాదిన్నర సంగతి. ఒబీడియన్స్‌లో మొదటి పాఠం, కుక్క నా ముఖం వైపు చూస్తూ నా ఎడమ కాలికి అంటుకుని నడవాలి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో 200కి కనీసం 170 రావాలి, అలా మూడుసార్లు వస్తేనే టైటిల్. నేను ఇంట్లో ఆ లెక్కే పెట్టుకుని రోజూ నూరిపోశాను. చెన్నైలో ఒక పోటీకి వెళ్తే ప్రైజ్ కూడా వచ్చింది. ఆ ఊపులో ఆశ్రమానికి తీసుకెళ్లాను. వరండాలో ఎనిమిది మంది పెద్దవాళ్లు చేతులు చాపుకుని పిలుస్తున్నారు. ఇదేమో నా ముఖమే చూస్తూ కూర్చుంది! ఒక మామ్మగారు తల నిమిరితే కదలకుండా భరించింది, అంతే. "చదువుకున్న కుక్కలాగుందమ్మా, మనతో మాట్లాడదు" అందావిడ. సిగ్గేసింది.

సరే అని పోటీల ప్రాక్టీస్ మానేసి ఆరు నెలలు తిరగేసి నేర్పాను. నన్ను వదిలి ఎదుటివాళ్లని చూస్తే బిస్కెట్. తర్వాత మళ్లీ పోటీకి వెళ్లాం. మూడు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. రెండో నిమిషంలో గ్యాలరీలో ఒక పసిపిల్ల ఏడ్చింది. బంతి లేచి, జడ్జిని దాటుకుని, తిన్నగా ఆ పిల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆ ఎక్సర్‌సైజ్‌కి సున్నా. నాకు కోపం రావాలో, నవ్వాలో తెలియలేదు.

చివరికి పనిచేసింది చాలా చిన్న కిటుకు. పోటీకి సన్నటి తోలు కాలర్, ఆశ్రమానికి మెడకి ఎర్ర గుడ్డ. తోలు కాలర్ పెడితే నన్ను చూడాలి, ఎర్ర గుడ్డ కడితే వాళ్లని చూడాలి. నెలన్నరలో పట్టేసింది. ఇప్పుడు గుడ్డ బీరువాలోంచి తీస్తుంటేనే తోక ఊపుతుంది. కాలర్ తీస్తే ఒళ్లు బిగబట్టుకుంటుంది, యూనిఫాం వేసుకున్న పిల్లలాగ.

థెరపీ పనికి పరీక్షలంటారా, వేరే దేశాల్లో పరాయి మనిషి నిమరడం, గుంపులోంచి నడవడం, పెద్ద శబ్దం, యజమాని మూడు నిమిషాలు కనబడకుండా పోవడం లాంటివి పెడతారు. నేను మన ఇళ్లకి తగ్గట్టు కుక్కర్ విజిల్, కిందపడ్డ స్టీలు పళ్లెం, వీల్‌చైర్, చేతికర్ర కలిపాను. స్టీలు పళ్లెం దగ్గరే మేం ఎక్కువ రోజులు ఆగాం. వెళ్లే ముందు రోజు స్నానం, గోళ్లు కత్తిరించడం, టీకాల కార్డు తప్పనిసరి. గంట దాటితే వచ్చేస్తాం. కుక్క ఆవలిస్తూ పెదాలు నాక్కుంటోందంటే అలిసిపోయిందని అర్థం, ముద్దొస్తోందని ఫొటోలు తీస్తూ కూర్చోకండి.

ఇది చూసి కోలీ కొనేద్దాం అనుకునేవాళ్లకి రెండు మాటలు. మన విశాఖ ఉక్కపోత దీనికి శత్రువు. కుక్క ఒగర్చి చల్లబడుతుంది, గాల్లో తేమ ఎక్కువుంటే ఆ ఒగర్పు సరిగ్గా పనిచెయ్యదు. అందుకే మా వాకింగ్ ఎండ రాకముందే. ఎండాకాలం కదా అని బొచ్చు గొరిగించకండి, ఆ రెండు పొరల బొచ్చే ఎండని ఆపేది.

రెండోది ఇంకా ముఖ్యం. కోలీల్లో సుమారు 70 శాతానికి ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఒక్క కాపీలో అయినా ఉంటుంది. దానివల్ల ఐవర్‌మెక్టిన్ లాంటి మందు మెదడులోకి వెళ్లిపోతుంది. గజ్జికి వాడే మోతాదు ప్రాణం మీదకి తెస్తుంది. బంతికి ఎనిమిది నెలలప్పుడు ఒక చోట గజ్జికి ఆ సూదే వేశారు. మూడు రోజులు లేవలేదు, నోట్లోంచి చొంగ కారింది, పిలిస్తే ఎటో చూసేది. బతికింది, మా అదృష్టం. వేసేది ఏం మందో మీ డాక్టర్‌గారిని అడగడానికి మొహమాటపడకండి. కోలీయే కావాలని లేదు, ఊళ్లో ఉన్న ఇండీ కుక్కకి, అంటే మన నాటు కుక్కకి, ఈ వేడి బాధ తక్కువ, నెమ్మది గుణం ఉన్నదైతే ఎర్ర గుడ్డ దానికీ కట్టొచ్చు. మా కుక్కల ట్రైనింగ్ క్లాసులో ఇప్పుడు అలాంటివి రెండున్నాయి.

ఆశ్రమంలో పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు, బంతి మీద చెయ్యి వేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. పోయిన ఆదివారం దీని కాలి గోరు విరిగి మేం వెళ్లలేదు. సాయంత్రం అక్కడి సిస్టర్ ఫోన్ చేసింది. "ఏటండీ, పొద్దున్నుంచీ ఈయన గేటు దగ్గరే ఉన్నారు. నక్క ఇంకా రాలేదేటి అని అడుగుతున్నారు."