ఒక్క గోల్, యాభై ఏళ్ల డిన్నర్

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో ఫుట్‌బాల్ ఉంది, భోజనం కూడా ఉంది. ఇంగ్లండ్‌లో ఎప్పుడో కప్పు గెలిచిన జట్టును ఏళ్ల తర్వాత మళ్లీ ఒకచోట కూర్చోబెడతారు. హాలు బుక్ చేసి, అభిమానులకు టికెట్లు అమ్మి, డిన్నర్ పెడతారు. మా బాబాయ్ ఈశాన్య ఇంగ్లండ్‌లో డాక్టర్‌గా చేసి రిటైరయ్యారు. సండర్లాండ్ క్లబ్ అభిమాని. అలాంటి డిన్నర్‌కు వెళ్లొచ్చారు కూడా. బాబాయ్, డబ్బులిచ్చి మరీ పాత ప్లేయర్ల పక్కన కూర్చుని తినడం ఏంటండీ?

బాబాయ్: పక్కన ఎవరు కూర్చోనిస్తార్రా! (నవ్వు) వాళ్లు ముందు వరసలో, మనం తలుపు దగ్గర. చికెన్ పెట్టారు. ఉప్పూ లేదు, కారమూ లేదు. మా టేబుల్ మీద ఒక్కరూ దాని ఊసెత్తలేదు. అందరి నోటా ఒకటే మాట, 1973 మే 5.

హోస్ట్: ఆ రోజు ఏం జరిగిందో తెలియనివాళ్ల కోసం చెప్పండి.

బాబాయ్: ఎఫ్‌ఏ కప్ ఫైనల్. అది ఇంగ్లండ్‌లో పై డివిజన్, కింది డివిజన్ జట్లన్నీ ఆడే కప్పు, ఓడితే ఇంటికే. లండన్ వెంబ్లీ స్టేడియంలో లక్ష మంది జనం. ఒక పక్క లీడ్స్ యునైటెడ్. అంతకు ముందు ఏడాది కప్పు వాళ్లదే. డాన్ రెవీ మేనేజర్, బ్రెమ్నర్, గైల్స్, హంటర్, క్లార్క్, లారిమర్... ఇంగ్లండ్‌లో అప్పుడు అందరూ భయపడే జట్టు. ఇంకో పక్క సండర్లాండ్, సెకండ్ డివిజన్, అంటే ఒక మెట్టు కింది లీగ్. జట్టులో అప్పటికి దేశానికి ఆడినవాడు ఒక్కడూ లేడు. రెండో డివిజన్ జట్టు ఆ కప్పు గెలిచి అప్పటికి నలభై ఏళ్లు దాటింది. 1931లో వెస్ట్ బ్రామ్ గెలిచింది, మళ్లీ ఎవరూ లేరు.

హోస్ట్: సండర్లాండ్ గెలిచింది 1-0తో కదా?

బాబాయ్: అవును. 32వ నిమిషంలో బిల్లీ హ్యూజ్ కార్నర్ కొట్టాడు. బంతి జనం మధ్యలోంచి వచ్చి ఇయాన్ పోర్టర్‌ఫీల్డ్ ముందు పడింది. ఎడమ తొడతో ఆపి, కుడికాలితో లాగి కొట్టాడు. అతను ఎడమకాలి వాటం మనిషి. కుడికాలు నిలబడటానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదని డిన్నర్లో ఇప్పటికీ జోకులేస్తారు.

హోస్ట్: ఆ తర్వాత గంటసేపు కాచుకున్నారు.

బాబాయ్: కాచుకోవడం అంటే అలాంటిలాంటి కాచుకోవడం కాదు. రెండో సగంలో లీడ్స్ ఆటగాడు చెర్రీ హెడర్ కొట్టాడు, మా గోల్‌కీపర్ జిమ్ మాంట్‌గోమరీ డైవ్ చేసి తోశాడు. ఆ బంతి పోయి పోయి లారిమర్ కాళ్ల దగ్గర పడింది. ఆ రోజుల్లో లారిమర్ షాట్ అంటే ఫిరంగి గుండు. గోల్ ఎదురుగా, కొన్ని అడుగుల దూరంలో ఉన్నాడు. కొట్టాడు. టీవీ కామెంటేటర్ గోల్ అనేశాడు కూడా. కింద పడ్డ మాంట్‌గోమరీ ఎలా లేచాడో, చెయ్యి ఎలా తగిలిందో, బంతి బార్‌కు కొట్టుకుని బయటికి వచ్చేసింది.

హోస్ట్: నేను యూట్యూబ్‌లో చూశాను. రెండు మూడుసార్లు చూస్తే గానీ అర్థం కాలేదు.

బాబాయ్: నేను మొదట చూడలేదు, విన్నాను. నేను ఇక్కడికి వచ్చేసరికి ఆ మ్యాచ్ అయిపోయి చాలా ఏళ్లయింది. నా వార్డులో బొగ్గు గనుల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు ఎక్కువ. మాట్లాడితే ఆయాసం. కానీ ఆ సేవ్, అంటే గోల్‌కీపర్ బంతిని ఆపిన తీరు, చెప్పాలంటే దుప్పటి తీసి, లేచి కూర్చుని, చేతులు చాపి చూపించేవారు. నర్సు వచ్చి కేకలేసేది. (నవ్వు) అలా నేను సండర్లాండ్ అభిమానినయ్యాను. ఆట చూసి కాదు.

హోస్ట్: డిన్నర్లో కూడా ఆ సేవ్ గురించేనా?

బాబాయ్: అదే ఎక్కువ. నాకు కాస్త కోపం కూడా. గోల్ కొట్టినవాడి కంటే ఆపినవాడికే చప్పట్లు. మాంట్‌గోమరీ సండర్లాండ్‌లోనే పుట్టాడు, క్లబ్‌కు 600కు పైగా మ్యాచ్‌లు ఆడాడు, ఆ రికార్డు అతనిదే. ప్రేమ ఉంటుంది, కాదనను. కానీ పోర్టర్‌ఫీల్డ్ జీవితం చూడు. 1974లో కారు యాక్సిడెంట్‌లో పుర్రె ఎముక చిట్లింది. కోలుకుని మళ్లీ ఆడాడు. తర్వాత కోచ్ అయ్యాడు, చెల్సీకి మేనేజర్‌గా చేశాడు. 1993లో జాంబియా జట్టు విమానం సముద్రంలో కూలిపోయింది, గుర్తుందా? జట్టుకు జట్టే పోయింది. మిగిలినవాళ్లతో, కొత్త కుర్రాళ్లతో మళ్లీ జట్టు కట్టి, మరుసటి ఏడాది ఆఫ్రికా కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లింది ఈయనే.

హోస్ట్: అబ్బ, ఆ సంగతి నాకు తెలియదు.

బాబాయ్: ఇక్కడ కూడా చాలామందికి తెలియదు. 2007లో పోయాడు. అప్పుడు ఆర్మీనియా జట్టుకు కోచ్.

హోస్ట్: ఆయన లేని కుర్చీ...

బాబాయ్: ఆయనొక్కడే కాదు కదా. కార్నర్ కొట్టిన బిల్లీ హ్యూజ్ 2019లో పోయాడు. మేనేజర్ బాబ్ స్టోకో 2004లోనే వెళ్లిపోయాడు. డిన్నర్ మొదట్లో పేర్లు చదువుతారు, అందరూ లేచి నిలబడతారు. ఆ తర్వాత ఇక జోకులే. స్టోకో గురించి చెప్పాలి. 1972 నవంబర్‌లో వచ్చాడు, జట్టు రెండో డివిజన్‌లో కూడా కింది వరసల్లో ఉంది. అయిదారు నెలల్లో వెంబ్లీ. ఫైనల్ విజిల్ పడగానే నెత్తిన టోపీ, పైన రెయిన్‌కోటు, కింద ఎర్ర ట్రాక్ ప్యాంటు... ఆ వేషంలో మైదానం అడ్డంగా పరిగెత్తి గోల్‌కీపర్‌ను వాటేసుకున్నాడు. ఇప్పుడు స్టేడియం బయట ఆయన విగ్రహం అదే పరుగులో ఉంటుంది.

హోస్ట్: అసలు ఆయన న్యూకాసిల్ మనిషి కదా?

బాబాయ్: ఆ! అదే తమాషా. 1955లో న్యూకాసిల్ తరఫున ఇదే కప్పు గెలిచిన ఆటగాడు. సండర్లాండ్‌కూ న్యూకాసిల్‌కూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అయినా ఇక్కడ గుడి కట్టినంత పని చేశారు.

హోస్ట్: డిన్నర్ ఎలా నడుస్తుంది? అంటే, లెక్కలు...

బాబాయ్: టేబుల్ టేబుల్‌గా అమ్ముతారు. చిన్న కంపెనీలు కొంటాయి, కుటుంబాలు కొంటాయి. యాంకర్ ఒకడు ప్లేయర్లను ప్రశ్నలడుగుతాడు. వాళ్లు చెప్పే కథలు హాల్లో అందరికీ కంఠతా వచ్చు. కానీ సెమీఫైనల్లో ఆర్సెనల్‌ను ఓడించిన కథ ఒకడు చెప్తుంటే ఇంకొకడు "అది అలా కాదు" అని అడ్డు తగులుతాడు, జనానికి అదే కావాలి. చివర్లో సంతకాలు పెట్టిన జెర్సీలు వేలం. కొంత చారిటీకి, కొంత ప్లేయర్లకు.

హోస్ట్: ప్లేయర్లకు డబ్బులిస్తారా?

బాబాయ్: ఇవ్వాలి మరి! అది తప్పని నేననుకోను. ఇప్పటి ప్లేయర్ వారం జీతంతో ఇల్లు కొనుక్కుంటాడు. వీళ్లు రిటైరయ్యాక పనికి వెళ్లినవాళ్లు. కప్పు ఎత్తిన కెప్టెన్ బాబీ కెర్, పొట్టివాడు, తర్వాత పబ్‌లు నడిపాడు. రిచీ పిట్‌కు ఆ కప్పు గెలిచిన కొన్ని నెలలకే మోకాలు పోయింది, ఇరవై రెండేళ్లకే ఆట అయిపోయింది, టీచర్ అయ్యాడు. ట్యూయార్ట్‌ను, హార్స్‌విల్‌ను 1974లోనే మాంచెస్టర్ సిటీ కొనేసింది, డేవ్ వాట్సన్ మరుసటి ఏడాది వెళ్లాడు. కప్పు గెలిచిన జట్టు కలిసి ఫస్ట్ డివిజన్ ఆడనే లేదు. అందుకే ఈ కలయికల మీద అంత మోజు.

హోస్ట్: ఇప్పటి కుర్రాళ్లు విసుక్కోరా? "ఎన్నాళ్లు ఈ 73 గోల" అని?

బాబాయ్: విసుక్కుంటారు. మా అబ్బాయే విసుక్కుంటాడు. వాడు చెప్పేది కూడా నిజమే. ఆ తర్వాత 1985లో లీగ్ కప్ ఫైనల్ ఓటమి, 1992లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్ ఓటమి, 2014లో మళ్లీ లీగ్ కప్ ఫైనల్ ఓటమి. మూడో డివిజన్ దాకా పడిపోయారు. 2021లో వెంబ్లీలో ఈఎఫ్‌ఎల్ ట్రోఫీ, అంటే కింది డివిజన్ల జట్లు ఆడే చిన్న కప్పు, గెలిస్తే కోవిడ్ వల్ల చూడ్డానికి జనమే లేరు. పాతది పట్టుకుని వేలాడుతున్నాం కాబట్టే కొత్తది రాలేదని వాడి వాదన. నేను ఒప్పుకోను. లివర్‌పూల్ వాడికి ఇలాంటి డిన్నర్ అవసరం లేదు, ఏ కప్పు గురించి చేయాలో తేల్చుకోలేడు. మాకు ఒక్కటే ఉంది. యుద్ధం తర్వాత మేం గెలిచిన పెద్ద కప్పు అదొక్కటే. దానికి ముందుది 1937లో.

హోస్ట్: ఊరు కూడా మారిపోయింది కదా.

బాబాయ్: పూర్తిగా. 1988కి షిప్‌యార్డులు మూతపడ్డాయి. 1993లో మాంక్‌వేర్‌మౌత్ గని మూసేశారు. ఇప్పటి స్టేడియం ఆ గని ఉన్నచోటే కట్టారు, 1997లో తెరిచారు. బయట గనివాళ్లు పట్టుకెళ్లే దీపం బొమ్మ పెద్దది పెట్టారు. 1973లో మా స్టేడియం రోకర్ పార్క్ అయితే అసలు లేదు, ఆ జాగాలో ఇళ్లు. అక్కడే ఆ ఏడాది అదే కప్పులో మాంచెస్టర్ సిటీని రీప్లేలో, అంటే డ్రా అయ్యాక మళ్లీ ఆడిన మ్యాచ్‌లో, 3-1తో కొట్టారు. 51 వేల మంది చూశారు. ఫైనల్ కంటే అదే గొప్ప మ్యాచ్ అనేవాళ్లు మా టేబుల్ మీదే ఇద్దరున్నారు.

హోస్ట్: ఇది వింటుంటే నాకు మన హైదరాబాద్ గుర్తొస్తోంది. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ రహీమ్ సాబ్.

బాబాయ్: 1950లో డ్యూరాండ్ కప్ కూడా. ఫైనల్లో మోహన్ బగాన్‌ను కొట్టారు. చెప్పు, ఆ జట్టులో నలుగురి పేర్లు చెప్పు.

హోస్ట్: నూర్ మహమ్మద్, అజీజుద్దీన్... మొయిన్...

బాబాయ్: చూశావా, పాడ్‌కాస్ట్ చేసేవాడివే ఆగిపోయావు. (నవ్వు) ఇక్కడ నా పేషెంట్లు జ్వరంలో కూడా పదకొండు పేర్లు వరసగా చెప్పేవారు. డిన్నర్ చేసే పని అదే. పేర్లు నోట్లో తిరుగుతూ ఉండాలి.

హోస్ట్: పోనీ 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది కదా. గోవాలో ఫైనల్, షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. అదీ సేవే!

బాబాయ్: దానికి పదేళ్లప్పుడు డిన్నర్ ఎవరు పెడతారు? క్లబ్బే ఢిల్లీకి వెళ్లిపోయింది.

హోస్ట్: అభిమానులు పెట్టుకోవచ్చు. బిర్యానీతో.

బాబాయ్: పెట్టండి. టికెట్ ఇప్పుడే కొంటాను. కట్టిమణిని, టవోరాను పిలవండి. 88వ నిమిషంలో టవోరా గాల్లోనే కొట్టిన ఆ వాలీతో సమం చేయకపోతే షూటౌట్ ఎక్కడిది? ఈసారైనా గోల్ కొట్టినవాడిని ముందు టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి.

హోస్ట్: (నవ్వు) సరే బాబాయ్. వచ్చే ఎపిసోడ్‌లో సౌతాంప్టన్ 1976. సండర్లాండ్ తర్వాత మూడేళ్లకు వాళ్లూ రెండో డివిజన్ నుంచే వచ్చి మాంచెస్టర్ యునైటెడ్‌ను కొట్టారు. ఆ గోల్ కొట్టిన బాబీ స్టోక్స్‌కు బహుమతిగా కారిస్తే, అతనికి డ్రైవింగ్ రాదు. ఆ కథ అప్పుడు.