రాక్సీలో రెగే మోగిన రాత్రులు

అందరికీ నమస్కారం. పంక్ అంటే 1970లలో వచ్చిన దూకుడైన రాక్ సంగీతం. పంక్ క్లబ్బు అనగానే చాలామంది న్యూయార్క్‌లోని సీబీజీబీ పేరే చెబుతారు. నేను ఈ సాయంత్రం లండన్‌లోని రాక్సీ గురించి మాట్లాడతాను. దాన్ని పెట్టినవాళ్ల చేతిలో అది పట్టుమని ఐదు నెలలు కూడా నడవలేదు.

1976 డిసెంబర్ 1న సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండు కుర్రాళ్లు టీవీలో, అదీ ఇంటిల్లిపాదీ చూసే వేళ, యాంకర్ రెచ్చగొడితే బూతులు లంకించుకున్నారు. మర్నాడు పేపర్ల నిండా అదే గోల. వాళ్ల టూర్లో చాలా కచేరీలు రద్దయ్యాయి. పంక్ అంటేనే హాళ్లవాళ్లు తలుపులేసుకున్నారు. అప్పుడు జనరేషన్ ఎక్స్ అనే పంక్ బ్యాండు మేనేజర్ ఆండ్రూ చెజోవ్‌స్కీ, సుసాన్ కారింగ్టన్, బ్యారీ జోన్స్ కలిసి కోవెంట్ గార్డెన్‌లో ఓ చోటు పట్టారు. అక్కడి కూరగాయల మార్కెట్ 1974లోనే తరలిపోయింది. ఆ పేటలోని నీల్ స్ట్రీట్‌లో, అంతకుముందు గే క్లబ్బు నడిచిన భవనం అది. వేదిక కింద బేస్‌మెంట్లో. డిసెంబర్ 14న మొదటి కచేరీ జనరేషన్ ఎక్స్‌దే. 1977 జనవరి 1న క్లాష్ అనే మరో పంక్ బ్యాండు వాయించింది.

అసలు తమాషా డీజే దగ్గరుంది. డాన్ లెట్స్ జమైకా దంపతుల కొడుకు, కింగ్స్ రోడ్‌లో బట్టల షాపు చూసుకునేవాడు. బ్యాండుకీ బ్యాండుకీ మధ్య రికార్డులు వేయాలి. వేయడానికి పంక్ రికార్డులేవీ? డ్యామ్డ్ అనే బ్యాండుది ఒకటి, పిస్టల్స్‌ది ఒకటి, అమెరికా నుంచి వచ్చినవి కొన్ని. అవే ఎన్నిసార్లని తిప్పుతాడు? అందుకని తన దగ్గరున్న రెగే, డబ్ రికార్డులు పెట్టాడు. రెగే జమైకా సంగీతం; డబ్ అంటే అందులో గొంతు తగ్గించి, బేస్, డ్రమ్స్ పెంచి చేసిన రూపం. రెండు నిమిషాల్లో ముగిసే పరుగు పాటల మధ్య, గుండెల్లో దడదడలాడే బేస్‌తో ఆ నిదానపు పాటలు! జనానికి తెగ నచ్చేశాయి. అంతా రాక్సీ పుణ్యమేనని అనను; క్లాష్ వాళ్లకు ముందునుంచే రెగే పిచ్చి. కానీ తెల్లకుర్రాళ్లు చాలామందికి డబ్ పరిచయమైంది ఆ బేస్‌మెంట్లోనే. అదే ఏడు జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లే పంక్, రెగే కలిసిన పార్టీ మీద ఏకంగా పాటే కట్టాడు.

లెట్స్ సూపర్ 8 అనే చిన్న ఫిల్మ్ కెమెరాతో అదంతా చిత్రీకరించాడు కూడా. ఏప్రిల్ కల్లా చెజోవ్‌స్కీ బృందం రాక్సీ నుంచి బయటికొచ్చేసింది. జూన్‌లో రాక్సీ లైవ్ ఆల్బమ్ వచ్చింది. పాటల మధ్య ప్రేక్షకుల కబుర్లూ అందులో వినిపిస్తాయి. విడుదల చేసిందెవరనుకున్నారు? ఈఎంఐ రికార్డు కంపెనీ వారి హార్వెస్ట్ లేబుల్. జనవరిలో పిస్టల్స్‌తో ఒప్పందం తెంచుకుని వాళ్లను వదిలించుకున్న అదే ఈఎంఐ!